పరమేశ్వరి ఆరో స్విచ్చు

మా కన్యకాపరమేశ్వరి ఒకసారి ఎడమకాలి బొటనవేలితో చీపురుపల్లి స్టేషన్‌లో సూపర్‌ఫాస్ట్ రైలును ఆపేసింది. అది అక్కడ ఆగే రైలు కాదు. ఇంటర్ సగంలో వదిలేసిన నా మాట మీరు నమ్మకపోవచ్చు. కానీ ఆ బొటనవేలి సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆర్కెస్ట్రాలో ఆవిడ గిటార్, నేను ప్యాడ్స్. విజయనగరం జిల్లాలో నా అంత బాగా ప్యాడ్స్ వాయించేవాడు లేడు. ఈ మాట వేరేవాళ్లు చెప్పాలి గానీ, వాళ్లకి తీరిక లేక నేనే చెబుతున్నాను.

పరమేశ్వరి వాళ్లది బజారులో పప్పుల కొట్టు. పొద్దున్న కొట్లో పొట్లాలు కట్టిన చేతులే సాయంత్రం తీగలు మీటేవి. స్టేజి మీద అమ్మవారి పటం ఉంటుందని చెప్పులు విప్పి వాయించేది. చేతుల దగ్గర ఏ లోటూ లేదు. చిక్కంతా శబ్దం మార్చే దగ్గరే. పాట మెత్తగా మొదలై మధ్యలో గిటార్ గర్జించాలంటే, ఆవిడ వంగి ఎఫెక్టుల పెట్టె మీద మీట తిప్పాలి. వంగి లేచేలోపు పాటకి గొయ్యి పడేది.

2014లో ఒక రిహార్సల్‌లో మా ఆర్కెస్ట్రా యజమాని నారాయణమూర్తి కీబోర్డు మీద చేతులు ఆపేశాడు.

"అమ్మా పరమేశ్వరీ, నువ్వు వంగి లేసేతలికి పాట సల్లారిపోతన్నాది. గిటార్ సౌండు నా కీబోర్డులో కూడా ఉన్నాది. సాలూరు ప్రోగ్రాం దాకా సూస్తాను. అక్కడా ఇలాగే అయితే ఆ ముక్కలు నేనే వాయించేసుకుంటాను."

అంటే గిటార్ కుర్చీ తీసేస్తాడన్నమాట.

"సాలూరులో నేను వంగను మాస్టారూ" అంది పరమేశ్వరి.

విశాఖ వెళ్లి ఎవరో వాడి వదిలేసిన మిడి ఫుట్ కంట్రోలర్ ఒకటి పట్టుకొచ్చింది. చూడటానికి వరసగా స్విచ్చులున్న ఇనప పలక. వైరుతో పెట్టెకి తగిలించి, ఏ స్విచ్చు తొక్కితే ఏ నంబరు శబ్దం రావాలో ముందే చెప్పి పెడితే చాలు, వంగే పనే ఉండదు. కూర్చుని పెట్టెలో శబ్దాలు దాచింది. అయిదులో మెత్తటిది, ఆరులో సోలోకి గర్జించేది. ఏడుని మాత్రం వాల్యూమ్ సున్నాకి దించి వదిలేసింది.

"ఏటి, ఏడు మీద నీకేటి కోపం?" అన్నాను.

"మా కొట్లో ఆ మాట అనం చినబాబూ. ఏడంటే ఏడుపు. పొరపాటున తగిలినా వినపడకూడదు."

మర్నాడు రిహార్సల్. జోలపాట మొదలైంది. పరమేశ్వరి అయిదు తొక్కింది. ఘాటీలో లారీ గేరు మార్చినట్టు గిటార్ అరిచింది. గాయని సుహాసిని మైకు వదిలేసి చెవులు మూసుకుంది. సోలో వచ్చేసరికి పరమేశ్వరి ఆరు తొక్కింది. నిశ్శబ్దం. వేళ్లు తీగల మీద పరిగెడుతున్నాయి, ఒక్క చుక్క శబ్దం లేదు.

"పూర్వం గొయ్యి పడేది. ఇప్పుడు నుయ్యి తవ్వేసినావు" అన్నాడు నారాయణమూర్తి.

"వట్టి కాలు కదా, వేలు పక్క స్విచ్చు మీద పడుతున్నాది" అంది సుహాసిని. నిజమేననుకున్నాం అందరం. నేనైతే ఆ పాదం చాటంత ఉంటుందని చాటింపు వేశాను. పరమేశ్వరి కూడా అలాగే అనుకుంది. కొట్టు వెనక గచ్చు మీద సుద్దముక్కతో గళ్లు గీసి, కిందికి చూడకుండా వేలు గడి మధ్యలో దించడం మొదలుపెట్టింది. పప్పు తూస్తూ తొక్కేది, ఫోను మాట్లాడుతూ తొక్కేది. కళ్లకి తువ్వాలు కట్టుకుని తొక్కినా గీత మీద పడకుండా సాధించింది. తీరా కంట్రోలర్ మీద పెడితే మళ్లీ అదే అరుపు, అదే నిశ్శబ్దం.

చివరికి కొట్లోనే నేల మీద చతికిలబడి, చేతి వేలితో అయిదుని నొక్కి తీగ మీటింది. గిటార్ అరిచింది.

"ఒరే, ఇది కాలు తప్పు కాదురా" అంది.

అప్పుడే అసిరమ్మ అనే రైతు పెసల బస్తా తెచ్చి కొట్టు ముందు దింపింది. పరమేశ్వరి తల్లి కుంచంతో కొలవడం మొదలుపెట్టింది. "లాభం... లాభం... రెండు... రెండు... మూడు..."

కొలతలో మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. పుట్టినప్పటినుంచి వింటున్న మాటే. పరమేశ్వరి తల ఎత్తి తల్లి వైపు చూసింది, తర్వాత పలక వైపు చూసింది.

"అమ్మా, దీని లెక్కలో కూడా మొదటిది ఒకటి కాదే."

"ఏటే నీ గోల, లెక్క తప్పించకు" అంది తల్లి.

అసలు సంగతి ఇది. పెట్టె ఒకటి నుంచి లెక్కపెడుతోంది. కంట్రోలర్ సున్నా నుంచి లెక్కపెడుతోంది. దాని సున్నాయే పెట్టెకి ఒకటి. ఈవిడ అయిదు పంపితే పెట్టె ఆరు అనుకుంటోంది. ఆరు పంపితే, ఎవరూ పలకకూడదని నోరు నొక్కేసిన ఆ ఏడు తగులుతోంది. పరమేశ్వరి అక్కడే కూర్చుని ప్రతి స్విచ్చుకీ ఒకటి తగ్గించింది. శబ్దం మారడానికి పెట్టె రెప్పపాటు తీసుకుంటుందని కూడా కనిపెట్టి, మార్పుకి ముందున్న దెబ్బ మీదే తొక్కడం నేర్చుకుంది.

సాలూరులో లారీ ఓనర్ల సభ. ఎదురుగా డ్రైవర్లు, వెనక వరసగా లారీలు. జోలపాట మెత్తగా నడిచింది. సోలో దగ్గర పడుతోంది. నారాయణమూర్తి కుడి చెయ్యి కీబోర్డులో గిటార్ సౌండు దగ్గర సిద్ధంగా ఉంది. పరమేశ్వరి జనం వైపే చూస్తూ వేలు దించింది. గిటార్ గర్జించింది. మధ్యలో గొయ్యి లేదు, అతుకు లేదు. నారాయణమూర్తి చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. తాళం వేసిన లారీలు వాటంతటవే స్టార్టయ్యి హారన్లు కొట్టాయి. పాట అవగానే నారాయణమూర్తి వచ్చి ఆ బొటనవేలికి వంగి దండం పెట్టాడు.

ఇదంతా రాసి పరమేశ్వరికి చదివి వినిపించాను. పొట్లం కట్టడం ఆపకుండానే అంది:

"ఏ రైలూ ఆగలేదు, లారీలు స్టార్టవలేదు. మాస్టారు దండం పెట్టలేదు, నా కాలి కింద వైరు సర్దినారు. రెండో సోలోకి ఆలీసంగా తొక్కినాను. అయినా మాస్టారు మళ్లీ ప్రోగ్రాంకి రమ్మన్నారు, ఎల్తన్నాను."