పదిహేనో వరుస

దయ్యాలంటే నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య కండెలు చుడుతూ పెరిగినదాన్ని. కనబడని వాటికి భయపడే తీరిక మా ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు.

ఇప్పుడు జగిత్యాలలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆయమ్మను. నా బిడ్డ లావణ్య అక్కడే కంప్యూటర్ల నెట్‌వర్క్ చూస్తుంది. కోరుట్ల నుంచి ఇద్దరం రోజూ ఒకే బస్సులో పోయి వస్తాం.

ఆమెకు పని నేర్పింది అక్కడ ముందు నుంచీ ఆ పని చూసే యూసుఫ్ భాయ్. కంప్యూటర్ల వైర్లన్నీ చేరే పెట్టెను స్విచ్చు అంటారు. రోగుల రిపోర్టులు ఏ కంప్యూటర్ చూడొచ్చో, ఏది చూడొద్దో అందులో జాబితా రాస్తారు. స్విచ్చు ఆ జాబితాను పైనుంచి చదువుతూ, తగిన వరుస దొరికిన చోటే ఆగిపోతుందట. మధ్యలో కొత్తది చేర్చడానికి చోటుండాలని పది, ఇరవై, ముప్పై అని నెంబర్లు వేస్తారు. యూసుఫ్ భాయ్ రిపోర్టులు చూసేందుకు తన కంప్యూటర్‌ను ఎప్పుడూ పదిహేనో వరుసలో పెట్టుకునేవాడు. స్విచ్చు ఉన్న గదిలో కూర్చుంటే తప్ప జాబితా మార్చడం కుదరదు; ఆ గది తాళంచెవి నా దగ్గర ఉంటుంది.

మొన్నటి ఎండాకాలం ఆయన గుండెనొప్పితో పోయాడు. లావణ్య ఆ వరుస తీసేసింది. ఆయన కంప్యూటర్‌ను నేనే గోనెసంచిలో చుట్టి స్టోరులో పెట్టాను. దానికి వైరు కూడా లేదు.

నాలుగో రోజు పొద్దున చూస్తే పదిహేనో వరుస మళ్లీ ఉంది. తీసేస్తే మర్నాడు మళ్లీ వచ్చింది. ఎవరు మార్చారో స్విచ్చులో నమోదవుతుంది. లావణ్య పేరే ఉంది.

రిపోర్టులు బయట అమ్ముకుంటున్నామని మేనేజరు సారుకు అనుమానం. ఇద్దరినీ పిలిచాడు.

"తాళం నీ కొంగుకు, పాస్‌వర్డ్ నీ బిడ్డ దగ్గర. ఇగ దయ్యం అచ్చి రాసిందంటవా, ఆయమ్మా?"

"దయ్యానికి పాస్‌వర్డ్ ఎవలు చెప్తరు సారూ," అన్నాను.

ఆయన నవ్వలేదు. "రేపు గూడ గిట్లనే ఉంటే ఇద్దరు ఇంట్ల కూసోండ్రి."

బయటికొచ్చాక లావణ్య నన్ను అదోలా చూసింది. "అమ్మా, తాళం ఎవలికన్న ఇచ్చినవా?"

"నువ్వు పాస్‌వర్డ్ ఎవలికన్న చెప్పినవా?" అన్నాను నేను. ఆ సాయంత్రం బస్సులో వేరే వేరే సీట్లలో కూర్చున్నాం.

అంతకుముందే సారు దగ్గరుండి ఆ వరుస తీయించి, గదికి తనే తాళం వేసుకుని చెవి జేబులో పెట్టుకున్నాడు. తెల్లారి మేం వెళ్లాక ఆయనే తెరిచాడు. పదిహేనో వరుస ఉంది. లావణ్య పేరు, పొద్దున ఏడూ నలభై.

నేను సంచిలోంచి ఆడవాళ్లకు బస్సులో ఉచితంగా ఇచ్చే జీరో టికెట్లు, మా ఇద్దరివీ తీసి చూపించాను. వాటి మీద కోరుట్లలో బస్సెక్కిన టైముంది. ఏడూ నలభైకి మేం మేడిపల్లి దగ్గర బస్సులో ఉన్నాం. సారు తన జేబులోని తాళంచెవిని తడిమి చూసుకున్నాడు.

"బస్సుల ఈమె ఏం చేసింది?" అని నన్నడిగాడు.

"నా భుజం మీద తల పెట్టి పండుకుంది సారూ."

ఉద్యోగాలు నిలబడ్డాయి. ఆ వరుసను మాత్రం ఇప్పుడు ఎవరూ తీయడం లేదు.

నేను చెప్పింది నిజమే. కానీ అంతా చెప్పలేదు. మేడిపల్లి దాటుతున్నప్పుడు నిద్రలోనే నా బిడ్డ వేళ్లు నా మోచేతి మీద కంప్యూటర్ మీటలు కొట్టినట్టు టకటకా ఆడాయి. చివర ఒక వేలు గట్టిగా నొక్కి ఆగిపోయింది. అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. లావణ్యను కూడా అడగలేదు.