మొదటి ఫారం చదివినవాడు

బైండింగు షాపులో అందరూ ఆయన్ని దబ్బనం అనేవారు. మనిషీ అలాగే ఉండేవాడు, సన్నగా, నిటారుగా. నలభై ఏళ్లుగా అచ్చయిన కాగితాలు మడిచి, పదహారేసి పేజీల ఫారాలు పేర్చి, కుట్టి, పుస్తకాలు చేశాడు. పేజీల వరస సరిచూడటానికి మొదటి ఫారం ఒక్కటే చదివేవాడు. మిగతావాటికి అడుగునున్న అంకెలు చాలు. అలా వేల పుస్తకాల మొదళ్లు తెలుసు గానీ ఒక్కదాని చివరా తెలియదు.

తల్లి పోయాక ఆయన్ని పెంచింది అక్క. ఇప్పుడామె మంచం పట్టింది. డాక్టరు వారమో పది రోజులో అన్నాడు. ఆ ఉదయం తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

"ఒరే, అన్నేసి పుస్తకాలు కుట్టావు కదా. ఈ లోకమంతా ఎవరైనా చేశారా, దానంతటదే అయిందా? ఎవరూ లేకపోతే నేనెక్కడికి పోతానురా?"

"సాయంత్రం చెబుతానక్కా" అని తప్పించుకున్నాడు.

షాపులో ఆ రోజు రెండు పుస్తకాలున్నాయి, ఒకే సైజువి. విశ్వం పుట్టుక మీద సైన్సు మాస్టారు రాసిందొకటి, సృష్టి దేవుడి పనేనని ఒక భక్తుడు రాసిందొకటి. రెండింటి మొదటి ఫారాలూ ఆత్రంగా చదివాడు. అంతా ఒక మహా విస్ఫోటంతో మొదలైంది, దానికి ముందేముందో తెలియదన్నాడు మాస్టారు. దేవుడు సంకల్పించాడు, దేవుణ్ణెవరు చేశారని అడగకూడదన్నాడు భక్తుడు. ఇద్దరూ ఒకే గుమ్మం దగ్గర ఆగిపోయారనిపించింది. మనసు అక్క దగ్గర, చేతులు పనిలో. భక్తుడి మొదటి ఫారం మాస్టారి పుస్తకానికి కుట్టేశాడు, ఏకంగా ముప్ఫై కాపీలు.

"ఏమయ్యా దబ్బనం, దేవుడికీ సైన్సుకీ వియ్యం కలిపావే" అన్నాడు యజమాని. "రెండువైపులవాళ్లూ వచ్చి నా పీక పట్టుకుంటారు."

"విప్పేస్తానండి."

దారం తెంపుతూ నిశ్చయించుకున్నాడు. పోయేవాళ్లకు ధైర్యం చెప్పడం తప్పెలా అవుతుంది?

సాయంత్రం మంచం పక్కన కూర్చుని, "ఉన్నాడక్కా. అంతా ఆయనే చేశాడు. చదివాను" అన్నాడు.

ఆమె తమ్ముడి మొహంలోకి చూసింది. "చిన్నప్పుడు నీకు చేదు మందు పోస్తూ, తియ్యగా ఉంటుందిరా అనేదాన్ని. ఇప్పుడు నీదీ అదే గొంతు."

తల దించుకున్నాడు. "తెలియదక్కా. రాసినవాళ్లకూ మొదలు దాకానే తెలుసు."

అక్క మొహం గోడవైపు తిప్పుకుంది. ఆ అబద్ధం మీదే నిలబడి ఉండాల్సిందేమోనని కుమిలిపోతూ లేవబోయాడు.

"వెళ్లకు" అంది ఆమె, ఇటు తిరక్కుండానే.

కూర్చున్నాడు. ఆమె వీపు వణుకుతోంది. దాని మీద చెయ్యి వేసి, అలాగే ఉంచాడు.