జానయ్య కట్టిన ఫీజు

తిరుమలగిరి పక్కనున్న ఆ ఊళ్లో, జానయ్య కట్టిన ఫీజు పోదు అనేవారు. అతని గురించి ఊరికి తెలియాల్సింది అంతే.

తల్లిదండ్రులు కూలి చేసి బతికినవాళ్లు. అతను చదువు మధ్యలో మాని తిరుమలగిరిలో మోటార్లు చుట్టే దుకాణంలో పనికి కుదిరాడు. దుకాణం దశరథ్‌ది. పెద్దగా మాట్లాడని మనిషి. ఒకసారి మాత్రం, వెంట్రుకంత ఫీజు తీగను పింగాణి ముక్కలో బిగిస్తూ అన్నాడు.

"గిది పోయెటందుకే పెడ్తర్రా. గిది పోతేనే ఇల్లుంటది."

జానయ్య విన్నాడు. పనిలో పడి మరిచిపోయాడు.

తెలంగాణ వచ్చిన ఏడు ఊరికి తిరిగొచ్చాడు. ఆ క్రిస్మస్‌కు చర్చి ముందు రంగు బల్బులు వేసి మైకు పెట్టారు. పాట ఎత్తుకోగానే ఫీజు పోయేది. జానయ్య ఒక పాత వైరు చీల్చి, ఐదు రాగి పోగులు కలిపి మెలిపెట్టి బిగించాడు. పండుగ అయ్యేదాకా దీపాలు ఆరలేదు. అతనికి పేరొచ్చింది అలాగే.

తర్వాత రోజంతా కరెంటు ఉండటం మొదలైంది. ఇళ్లలోకి కూలర్లు, ఫ్రిజ్‌లు, నీళ్ల మోటార్లు, కరెంటు పొయ్యిలు వచ్చాయి. స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చే సర్వీసు వైరు మాత్రం పాతదే. రెండు బల్బులకూ ఒక ఫ్యానుకూ వేసిన సన్నని తీగ. ఎండాకాలం అది వేడెక్కి కిందికి జారేది. ఎవరూ తలెత్తి చూడలేదు. ఫీజు పోతే జానయ్యను పిలిచేవారు. అతను ఐదు పోగులు కట్టి, చాయ తాగి వెళ్లేవాడు.

బీరన్నకు గొర్లమంద ఉంది, కొంత పత్తిచేనూ ఉంది. ఒక చలికాలం ధర పెరుగుతుందని పత్తిని ముందుగదిలో పోసుకున్నాడు. కుప్ప గోడ పైదాకా వచ్చింది. పక్కనే మంచం వేసుకుని తల్లి గుర్వమ్మ పడుకునేది. పొద్దున నీళ్ల హీటరూ మోటారూ కలిసి నడిస్తే ఫీజు పోతోందని జానయ్యను పిలిచారు.

"వచ్చినవా బిడ్డా," అంది గుర్వమ్మ. "మా కోడలు స్విచ్చి ఒత్తితే ఊరంత చీకటైతాంది."

"వేడినీళ్లు లేకుంటే తానం చెయ్యనని మొండికేసేది ఎవలు మరి?" లోపలి నుంచి కోడలు భాగ్యలక్ష్మి అంది.

"ముసలిదాన్ని, చల్లనీళ్లు వోస్తవా నాకు? పోస్తే నీ మొగనికి పొయ్."

జానయ్య నవ్వుతూ స్టూలెక్కాడు. సర్వీసు వైరు గోడ కంతలోంచి లోపలికొచ్చే చోట ఒక అతుకు ఉంది. దానికి చుట్టిన టేపు నల్లబడింది. కింద పత్తి.

"బీరన్నా, గీ వైరు మార్చాలె. జర లావుది ఎయ్యాలె."

"ఏస్తగని, పత్తి అమ్మనియ్యి. గప్పటిదాక ఫీజు గట్టిగ కట్టు. నీ చెయ్యి వడ్తె పోదు గద."

ఆ మాట జానయ్యకు నచ్చింది. ఆ రోజు ఎనిమిది పోగులు కట్టాడు.

వారం తిరగకముందే అది జరిగింది. బీరన్న మందతో వెళ్లాడు. భాగ్యలక్ష్మి అత్త స్నానానికి బకెట్లో హీటరు పెట్టి, మోటారు వేసి, పెరట్లో గిన్నెలు తోముతోంది. వైరు కాగింది. అతుకు కరిగి, మంట చుక్కలుగా పత్తి మీద పడింది. పత్తి మొదట పొగే ఇచ్చింది. ఆ పొగలో గుర్వమ్మకు తలుపు దొరకలేదు.

అధికారులు వచ్చి షార్ట్ సర్క్యూట్ అని రాసుకున్నారు. ఊరు ఆ మాటను ఒక రోగం పేరులా పలికింది.

మూడోనాడు జానయ్య వెళ్లాడు. కాలిన గోడకు ఆనుకుని కూర్చున్న బీరన్న అతన్ని చూశాడు.

"అమ్మ పోయింది. ఇల్లు పోయింది. నీ ఫీజొక్కటే పోలే జానయ్యా."

ఎత్తిపొడుపు కాదు. మెచ్చుకోలు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు.

జానయ్య బూడిదలోంచి ఆ పింగాణి ముక్క తీశాడు. ఎనిమిది పోగులూ తెగలేదు. తన వేళ్లు వేసిన మెలిక అలాగే ఉంది. జేబులో వేసుకున్నాడు.

మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగాడు. ఊరికే చూస్తానని చెప్పి, మందపు తీగలు తీసి సన్నని పోగు ఒక్కటే కట్టాడు. ఊరంతా ఫీజులు పోవడం మొదలైంది.

"జానయ్యకు చెయ్యి వడిపోయిందే."

"ఒకటి బందు పెట్టి ఒకటి నడుపుండ్రి," అనేవాడు జానయ్య.

"బందు పెట్టనీకి కొన్నమా?"

ఎందుకో చెప్పాలంటే గుర్వమ్మ పేరు ఎత్తాలి. ఎత్తలేకపోయాడు. తిరుమలగిరి నుంచి గిరి అనే కొత్త మనిషి బండి మీద రావడం మొదలైంది. జానయ్య తీసిన తీగలు అతను మళ్లీ కట్టాడు.

ఎండలు ముదిరేసరికి బీరన్న ఒక రేకుల గది వేసుకున్నాడు. అదే పాత సర్వీసు వైరును అతికించారు. ఊరు ఏమన్నా అతను జానయ్యనే పిలిచాడు. జానయ్య ఒక్క పోగు కట్టాడు. కూలరూ మోటారూ కలిపి వేయగానే పోయింది. మళ్లీ కట్టాడు. మళ్లీ పోయింది. భాగ్యలక్ష్మి విసుక్కుని నీళ్లకు వీధిలోకి వెళ్లింది.

"ఏందిది జానయ్యా?"

"అది పోవాలె బీరన్నా. ఆనాడు పోయుంటే మీ అమ్మ ఉండేది."

జేబులోంచి పింగాణి ముక్క తీసి అతని చేతిలో పెట్టాడు. బీరన్న అందులోని పోగులు తడిమాడు. తర్వాత వీధి వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"హీటరు పెట్టింది నా పెండ్లాం. షార్ట్ సర్క్యూట్ అని రాసిన్రు గన్కనే అన్నం తింటాంది. నువ్వన్నది ఇంటే అది బతుకది."

"తప్పు ఆమెది గాదు. నాది."

"ఎవలిదైనా మాట బయటికొస్తే దానికే తాకుతది. గిది తీస్కపో. దాని కండ్ల వడొద్దు."

ముక్కను తిరిగిచ్చి, ఫోను తీసి గిరిని రమ్మన్నాడు.

జానయ్య ఇంటికి చేరేసరికి ఫ్యాను ఆగి ఉంది. భార్య బిక్షమ్మ కొంగుతో విసురుకుంటోంది.

"మనింట్ల గూడ పోయింది. నువ్వు కడ్తవా, గిరిని పిల్వాల్నా?"

అతను ఒక్క పోగు తీసి బిగించాడు. ఫ్యాను కదిలింది. కాసేపటికి బీరన్న ఇంటి వైపు నుంచి మోటారు చప్పుడు మొదలైంది. అది ఆగుతుందేమోనని గడపలో కూర్చుని విన్నాడు. ఆగలేదు.