నాలుగున్నర మార్కుల నొప్పి

డ్రాయింగు మాస్టారు ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో ఎవరికీ పదికి ఆరు మించి వేసిన పాపాన పోలేదు. ఆ ఆరయినా ఒక్కసారే. ఓ పిల్ల గుమ్మడికాయ బొమ్మ గీస్తే, దారిన పోయే మేక కిటికీలోంచి తల దూర్చి సగం కాగితం నమిలేసింది. మేకే మోసపోయింది గానీ మాస్టారు మోసపోలేదు. నీడ తప్పు వైపు పడిందని నాలుగు కోసేశారు. అయినా చెయ్యి జారిందని వారం రోజులు తిండి సయించలేదాయనకి.

అలాంటి మనిషికి ఓ సాయంత్రం పొత్తికడుపులో కుడివైపు నొప్పి పట్టుకుంది. తెల్లారేసరికి ఒళ్లు పెనంలా కాలిపోతోంది, మనిషి కొడవలిలా వంగిపోయాడు. భార్య ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లింది.

కుర్ర డాక్టరు కంప్యూటరు మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు. "నొప్పి పదికి ఎంతుంటుంది మాస్టారూ?"

మాస్టారు కళ్లు మూసుకుని నొప్పిని నిదానంగా దిద్దారు. పదునుంది, కాదనలేం. నిలకడ లేదు. అంచులు అలుక్కుపోయాయి.

"నాలుగున్నర," అన్నారు ఉదారంగా.

నాలుగున్నరంటే కంప్యూటరు భాషలో గ్యాసు. డాక్టరు మాత్రలు రాసి, తగ్గకపోతే ఎల్లుండి రమ్మన్నాడు. చేత్తో ముట్టుకోలేదు. అంకె చేతికొచ్చాక కడుపుతో పనేముంది?

మాస్టారు లేవబోయి గోడ పట్టుకున్నారు. ఆవిడ మాత్రం కుర్చీ వదల్లేదు.

"ఈయన మార్కులు నమ్మకు బాబూ. ఏమండీ, మన కాపురానికి ఎన్నేశారో చెప్పండి."

"అయిదుంపావు. ఇప్పుడెందుకే అదంతా?"

"ఇద్దరు పిల్లలు పుట్టాక పెంచిన సంఖ్య బాబూ అది. మొదట నాలుగే."

డాక్టరు మొదటిసారి తలెత్తాడు. "మహా అయితే ఎంతేశారమ్మా, ఎవరికైనా?"

"ఆరు. అదీ మేక తిన్నాక."

మేక సంగతి అర్థం కాకపోయినా లెక్క అర్థమైంది డాక్టరుకి. బల్ల మీద పడుకోబెట్టి కడుపు నొక్కాడు. మాస్టారు ఓర్చుకున్నారు. డాక్టరు చటుక్కున చెయ్యి తీశాడు. వరండాలో కూర్చున్న రోగులు ఆ కేక విని తమ నొప్పులు మర్చిపోయారు.

"ఇదెంత మాస్టారూ?"

"అయిదు," అన్నారు పళ్లు బిగబట్టి.

అపెండిక్సు పగలడానికి సిద్ధంగా ఉంది. మధ్యాహ్నానికల్లా కోసి తీసేశారు.

మర్నాడు మాస్టారు మంచానికి వేలాడుతున్న కాగితం చదువుకున్నారు. 'ఈ రోగి చెప్పిన అంకెను రెట్టింపు చేసుకోవాలి' అని డాక్టరు రాసిపెట్టాడు. తన మార్కులు ఇంకొకరు దిద్దడమా! ఆయన ముక్కుపుటాలు అదిరాయి.

నర్సు వచ్చింది. "నొప్పి ఎంతుంది సార్?"

కుట్లు నిప్పుకణికల్లా మండుతున్నాయి. "సున్నా," అన్నారు. రెట్టింపు చేసుకోమనండి చూద్దాం.

"సూది వెయ్యమ్మా," అంది మంచం పక్కనున్న భార్య.