స్కూలు బస్సు ఉత్తరంలో రెండో పేజీ

1986 జనవరిలో నన్ను దక్షిణ కలకత్తాలోని ఒక మిషన్ స్కూలులో ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జిగా వేశారు. పేరు పెద్దదే. కింద నాలుగు బస్సులు, నలుగురు డ్రైవర్లు, బస్సుకొక ఆయా, కూర్చుంటే ఊగే స్టూలు ఒకటి. పైన సెక్రటరీ గారు, ఆయన పైన దేవుడు. అంతకు ముందు పదకొండేళ్లు ఒక లారీ కంపెనీలో ట్రాఫిక్ గుమాస్తాగా చేశాను కాబట్టి, సరుకు చేరవేసిన వాడికి పిల్లల్ని చేరవేయడం ఒక లెక్కా అనుకున్నాను. సరుకు ఏడవదు, వాంతి చేసుకోదు, దిగవలసిన చోట నిద్రపోదు. ఈ తేడా మొదటి వారంలోనే తెలిసింది.

మా నాన్న సంత్రాగాఛి రైల్వే యార్డులో పాయింట్స్‌మన్. రూలు తప్పితే రెండు రైళ్లు ముద్దు పెట్టుకుంటాయని అన్నం కలుపుతూ చెప్పేవాడు. ఆ ఉప్పు తిన్న ఒళ్లు నాది. చేరిన నెలకే ‘తల్లిదండ్రులకు బస్సు నియమాలు’ అని పధ్నాలుగు నియమాలు రాసి, సైక్లోస్టైల్ తీయించి, ఇంటింటికీ పంపాను. బస్సు రావడానికి ఐదు నిమిషాల ముందే స్టాపులో ఉండాలి. ‘ఒక్క నిమిషం ఆగండి, పాలు తాగుతోంది’ అని డ్రైవరును బతిమాలకూడదు. కిటికీలోంచి మరిచిపోయిన టిఫిన్ డబ్బా విసరకూడదు. ఇలాంటివి.

వాటన్నిటిలోకీ నాకు ముద్దు బిడ్డ తొమ్మిదో నియమం. మూడో తరగతి లోపు పిల్లల్ని పసుపు కార్డు మీద పేరూ ఫోటో ఉన్న మనిషి చేతికే అప్పగించాలి. పిల్లకొక కార్డు, కార్డుకొక మనిషి. ఆ మనిషి స్టాపులో లేకపోతే పిల్లని మళ్లీ స్కూలుకే తీసుకొస్తారు. దీన్ని మేము ‘రిటర్న్’ అనేవాళ్లం. ఒకే పిల్ల మూడుసార్లు రిటర్న్ అయితే సీటు రద్దు. ఈ నియమం రాసిన రోజు నా భుజం నేనే తట్టుకున్నాను.

రెండో నంబరు బస్సు ఖిదిర్‌పూర్, ఏక్‌బాల్‌పూర్, మొమిన్‌పూర్ మీదుగా బెహాలా వెళ్లేది. ఏక్‌బాల్‌పూర్ స్టాపులో రూతు అని రెండో తరగతి పిల్ల దిగేది. మన శ్రీకాకుళం వైపు వాళ్లే. తండ్రి రేవులో ఖలాసీ, తల్లి మరియమ్మ ఆసుపత్రిలో ఆయా. మిషన్ దయవల్ల ఫీజు లేదు, బస్సు కూడా ఉచితం. ఫారంలో ‘పిల్లని తీసుకునే వ్యక్తి’ అన్న గడిలో వాళ్లు సందులో ఉన్న ఆడవాళ్లందరి పేర్లూ రాశారు. ఫోటో తెమ్మంటే క్రిస్మస్‌కి చర్చి మెట్ల మీద తీయించుకున్న గుంపు ఫోటో తెచ్చారు, పంతొమ్మిది మంది ఉన్నది. విడి ఫోటో ఎవరికీ లేదట. నేను పేర్లన్నీ కొట్టేసి తల్లి పేరు ఒక్కటి ఉంచాను. కత్తెర తీసుకుని మరియమ్మ ముఖం వరకూ చతురస్రంగా కత్తిరించి కార్డు మీద అంటించి, మిగిలిన ఫోటో తిరిగి ఇచ్చేశాను. ఎంత చక్కగా కత్తిరించానో అని మురిసిపోయాను కూడా.

మరియమ్మ డ్యూటీ వారానికొకలా మారేది. ఆ సందులో పద్ధతి ఏమిటంటే, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు వెళ్లి పిల్లని తెచ్చుకోవడం. మొదటిసారి ఒకావిడ కార్డు లేకుండా వచ్చింది. రిటర్న్. ఇంకోసారి ఇంకొకావిడ. రిటర్న్. మూడోసారి పక్కింటి ముసలావిడ సారమ్మ కార్డు పట్టుకునే వచ్చింది గాని ఫోటోలో ముఖం ఆవిడది కాదు. బస్సులోని ఆయాని పిల్లలు మాసీ, అంటే పిన్ని, అనేవారు. ఆ మాసీకి చదువు రాదు, ముఖాలు మాత్రం బాగా వచ్చు. రిటర్న్. మర్నాడే సీటు రద్దు ఉత్తరం ఇంగ్లీషులో టైపు చేయించి, సెక్రటరీ గారి సంతకం పెట్టించి పోస్టు చేశాను. ఆ మధ్యాహ్నం భోజనం బాగానే చేశాను.

మూడు రోజుల తరువాత మధ్యాహ్నం రెండో బస్సు డ్రైవర్ హరిదా ఏదో మందుల షాపు నుంచి ఫోను చేశాడు. “మిఛిల్, దాదా. సొబ్ బొంధో.” మిఛిల్ అంటే ఊరేగింపు, సొబ్ బొంధో అంటే అన్నీ బంద్. ఆ రోజుల్లో కలకత్తాలో ఊరేగింపు వానలాంటిది. తడిసి తిట్టుకోవడమే గాని ఎందుకొచ్చిందని ఎవరూ అడగరు. ప్రభుత్వంలో ఉన్నవాళ్లే ఊరేగింపు తీస్తే మరీ అడగకూడదు. బస్సు ఏక్‌బాల్‌పూర్‌లో ఇరుక్కుపోయింది, ఇంకా పన్నెండు మంది పిల్లలున్నారు, నీళ్లు లేవు, ఇద్దరు ఏడుస్తున్నారు, అదీ కబురు. ఆ పన్నెండు మందిలో ఒకడు మా వాడు, ఒకటో తరగతి ప్రకాష్. మొమిన్‌పూర్‌లో దిగాలి.

నేనెక్కిన ట్రాము ఖిదిర్‌పూర్ దగ్గర ఆగిపోయింది. అక్కడి నుంచి జెండాల మధ్య అడ్డంగా నడిచి వెళ్లేసరికి ఐదు దాటింది. బస్సు ఖాళీగా ఉంది. హరిదా వెనక సీటులో కాళ్లు చాపుకుని పడుకున్నాడు. లేపితే వేలితో సందు చూపించి మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

సందులో పన్నెండు మంది పిల్లలూ రూతుతో కలిసి చాప మీద వరసగా కూర్చుని మరమరాలు తింటున్నారు. మాసీ గోడకానుకుని టీ తాగుతోంది. సందు మొదట్లో స్టూలు వేసుకుని సారమ్మ కూర్చుంది. నన్ను చూసి లేవలేదు.

“ఏటి బాబూ, ఎవుల కోసం ఒచ్చినావు?”

మా అబ్బాయి కోసం అన్నాను.

“కార్డేది?”

నా దగ్గర కార్డు లేదు. కార్డు మా ఆవిడ దగ్గర ఉంది, ఫోటో కూడా ఆవిడదే. పిల్లకొక కార్డు, కార్డుకొక మనిషి. నేను స్కూలు మనిషినని, ఆ రూలు రాసింది నేనేనని చెప్పాను.

“రాసినోడివైతే మరీ మంచిది. నీకు మేం సెప్పాలేటి? రొండుసార్లు ఉత్త సేతుల్తో ఎల్తే తిరగ్గొట్టీసినారు. మూడోసారి కార్డట్టుకెల్తే మొకం నాది కాదన్నారు. అప్పుడు నేర్సుకున్నాం బాబూ. ఇప్పుడు పన్నెండుమంది మా సేతిలో ఉన్నారు. ఎవుడో ఒచ్చి నా కొడుకంటే ఇచ్చీడమేనా?”

పిల్లాణ్ణే అడగమన్నాను. ఆవిడ అడిగింది. మా వాడు నోటినిండా మరమరాలతో నన్ను ఎగాదిగా చూసి, “బస్ సార్” అన్నాడు.

తప్పు వాడిది కాదు. యూనిఫారంలో ఉన్నంతసేపూ నన్ను నాన్న అనకూడదని, సార్ అనాలని బడిలో చేర్చిన రోజే గట్టిగా చెప్పాను. స్టాఫు పిల్లలకి చనువివ్వకూడదని నా సిద్ధాంతం. “నాన్న కాడేట్రా?” అని సారమ్మ మళ్లీ అడిగితే, “ఇంటికెళ్లాక నాన్న” అన్నాడు. సందు సందంతా నవ్వింది. మాసీ టీ ఒలకబోసుకుని మరీ నవ్వింది. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు గాని, గోతికి నంబరు కూడా వేసి పడ్డవాణ్ణి నేనే.

నాకూ ఒక స్టూలు వేశారు, టీ ఇచ్చారు. ఎదురుగా సారమ్మ గుమ్మం పక్క గోడకి ఆ క్రిస్మస్ ఫోటో వేలాడుతోంది. పద్దెనిమిది మంది నవ్వుతున్నారు. మధ్యలో చతురస్రంగా బొక్క, అందులోంచి గోడ సున్నం కనిపిస్తోంది. ఎటు తిరిగి కూర్చున్నా అదే కనిపించింది.

అప్పుడు సారమ్మ చీర కొంగు ముడిలోంచి ఒక కవరు తీసింది. “నువ్వు ఇస్కూలోడివి గదా. ఇది ఇయాల ఒచ్చినాది. మా రూతు తల్లి డూటీలో ఉంది, తండ్రి రేవుకెల్లినాడు. ఇంగిలీసు మాకు రాదు. మంచైనా సెడ్డైనా ఏటున్నాదో సదివి సెప్పు.” ఇంకో మాట కూడా చేర్చింది: “బస్సుంది గనకే ఇది అంత దూరం ఎల్లి సదూకుంటన్నాది. బస్సు నేకపోతే ఎవులు దింపుతారు? ఇంటికాడే కూకుంటాది.”

నా ఉత్తరమే. నా టైపు తప్పుతో సహా. తొమ్మిదో నియమాన్ని మూడుసార్లు ఉల్లంఘించినందున వచ్చే నెల ఒకటో తేదీ నుంచి సీటు రద్దు. మూడు వాక్యాలు. ఆఫీసులో చదివినప్పుడు ఎంతో తీరుగా ఉన్న ఆ మూడు వాక్యాలూ అక్కడ నోట్లోంచి బయటికి రాలేదు. నాకు సిగ్గేసింది. నా పిల్లాడికి వాళ్ల మరమరాలు పెట్టిన చేతుల ముందు నిజంగానే సిగ్గేసింది.

“ఇంకో ఫారం నింపమన్నారు. ఒకరి పేరు చాలదట, పిల్లని తీసుకునే వాళ్ల పేర్లన్నీ రాయమన్నారు” అని చదివాను.

రూతు వచ్చి నా మోచేతి పక్కన నిలబడింది. వేలు పెట్టి మాట మాటా కూడబలుక్కుని చూసింది. “సార్, ఇందులో ఫారం అన్న మాట లేదు” అంది.

“అది రెండో పేజీలో ఉంది” అన్నాను.

“రెండో పేజీ ఏదీ?”

“రేపు వస్తుంది.”

రూతు నమ్మలేదు, అది దాని ముఖంలోనే తెలిసింది. కాని సారమ్మ వైపు ఒకసారి చూసి, ఉత్తరం జాగ్రత్తగా మడిచి నా చేతికిచ్చింది.

బస్సు ఎంతకీ రాకపోయేసరికి ఆరున్నరకి మా ఆవిడ మొమిన్‌పూర్ నుంచి నడిచి వచ్చింది, పసుపు కార్డు చేత్తో పట్టుకుని. సారమ్మ ఫోటో చూసి, ముఖం చూసి, మళ్లీ ఫోటో చూసి ప్రకాష్‌ని ఇచ్చింది. “ఈ బాబు మీవోడేనా?” అని నన్ను కూడా చూపించి అడిగింది. మా ఆవిడ కొంచెం ఆలోచించి అవునంది. వెతుక్కుంటూ వచ్చిన వాళ్లకి మిగతా పిల్లల్ని కూడా సారమ్మ అలాగే ఒక్కొక్క ముఖం చూసి, ఒక్కొక్క పిల్లని అడిగి ఒప్పజెప్పింది. ఇంత కట్టుదిట్టంగా తొమ్మిదో నియమం నా సర్వీసులో మరెక్కడా అమలు కాలేదు.

మర్నాడు సెక్రటరీ గారి ముందు నిలబడి జరిగింది చెప్పాను. రాయని దాన్ని చదివావా అన్నారు. చదివానన్నాను. నువ్వు రాసిన నియమాన్నే నువ్వు మారుస్తావా అన్నారు. రాసినవాడు ఆ సందులో ఒక్క రోజు బతికి చూడలేదు సార్ అన్నాను. అది ఆయనకి ఎక్కలేదు. అప్పుడు, ఆ సందులో వాళ్లంతా యూనియన్ వాళ్లని, సీటు పోయిందని తెలిస్తే రేపు మిఛిల్ మన గేటు ముందుకే వస్తుందని అన్నాను. ఇది వెంటనే ఎక్కింది, సీటు ఉంచమన్నారు. న్యాయం పని చేయని చోట జెండా కర్ర పని చేసే కాలం అది. నాకు మాత్రం, అనుమతి లేకుండా అధికారిక పత్రాన్ని తప్పుగా చదివినందుకు ఒక మెమో ఇచ్చారు. దాన్ని నా సర్వీసు ఫైలులో పెట్టారు. జీతం పెంచే ప్రతిసారీ ముందు అదే కనిపించేది.

ఆ సాయంత్రమే రెండో పేజీ టైపు చేయించాను. పైన ‘పేజీ 2’ అని వేయించి, బస్సులో నేనే వెళ్లి రూతు చేతికిచ్చాను. అది అక్కడే నిలబడి వేలు పెట్టి ‘ఫారం’ అన్న మాట వెతికి, దొరికాక నన్ను వదిలిపెట్టింది. కొత్త కార్డుకి మరియమ్మ ముక్కని పాత ఫోటోలో దాని చోట అంటించి, పంతొమ్మిది మందినీ కలిపే అట్టకి అతికించాం. కార్డు పలకంత అయింది. మాసీ దాన్ని చూడకుండానే పిల్లని దింపేసేది, అందరి ముఖాలూ ఆమెకి అప్పటికే వచ్చేశాయి.

ఆ తరువాత ఇరవై రెండేళ్లు అదే కుర్చీలో ఉన్నాను. స్టూలు పోయి కుర్చీ వచ్చింది. ఎన్నో నియమాలు రాశాను, కొన్ని చాలా కఠినమైనవి కూడా. ఏదైనా నియమం కింద పిల్ల సీటు తీసేసే ఉత్తరం పంపవలసి వస్తే, దాన్ని పోస్టు చేసేవాణ్ణి కాదు. ఆ ఇంటికి వెళ్లి గట్టిగా చదివి వినిపించి వచ్చేవాణ్ణి. అలా చదవలేక వెనక్కి తెచ్చుకున్నవి ఇప్పటికీ నా బల్ల సొరుగులో పదమూడున్నాయి. అన్నిటికీ ఒకటే పేజీ, రెండోది ఆ ఇళ్లలో ఉంది.