గొంతు తగ్గించిన కండక్టరు

ఆ కండక్టరు "రైట్ రైట్" అన్నాడంటే బస్సులో కునికేవాళ్ళంతా ఉలిక్కిపడి లేవాల్సిందే. ఇంట్లోనూ అదే గొంతు. ఆయన మంచినీళ్ళడిగినా పక్కింటావిడ తలుపు తీసి చూసేది.

అలాంటి మనిషి వేలెడంతైనా లేని సిక్లిడ్ చేపల మీద మనసు పారేసుకున్నాడు. హాల్లో అద్దాల తొట్టి పెట్టి ఓ జంటను తెచ్చుకున్నాడు. మగది నీలం, ఎరుపు రంగులతో పెళ్ళికొడుకులా తిరిగేది. పసుప్పచ్చటి ఆడది చాలా చిన్నది. అది పూలకుండీ పెంకు కింద గుడ్లు పెట్టిన రోజు ఆయన ఆనందం పట్టలేక, తొట్టి పక్కనే నిలబడి తమ్ముడికి ఫోన్ చేసి అరిచాడు. కాసేపటికి చూస్తే గుడ్లు లేవు. బెదిరిపోయిన తల్లే వాటిని తినేసింది. ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు.

మళ్ళీ గుడ్లు పెట్టేసరికి మనిషే మారిపోయాడు. ఇంట్లో పిల్లిలా నడిచాడు. తుమ్మొస్తే వీధిలోకి పరుగెత్తాడు. భార్య చెవి దగ్గర చేరి, "ఏమేవ్, కాస్త కాఫీ ఇస్తావా?" అని గుసగుసలాడాడు.

"పెళ్ళయ్యాక ఇంత ముద్దుగా ఎప్పుడడిగారండీ!" అని ఆవిడ మురిసిపోయింది.

చివరికి గుడ్లలోంచి పిల్లలొచ్చి ఈదసాగాయి. నలుసుల్లాంటి వాటిని వెంటేసుకున్న తల్లి, దగ్గరికొచ్చిన మగదాన్ని తరిమికొట్టింది. ఇక భయం లేదనుకుని ఆయన, "చూశావుటే!" అంటూ ఇల్లదిరేలా కేక పెట్టాడు.

ఆవిడ చెవులు మూసుకుని తొట్టి మీదికి వంగి, "మళ్ళీ గుడ్లెప్పుడు పెడతావే తల్లీ?" అంది.