యంత్రానికి చలేసింది

మా గోపాలం బావ పనిచేసిన కంపెనీ పేరు చెప్పను. అదే కంపెనీ టైమాఫీసులో గుమాస్తాగా నేనూ ఇరవై ఎనిమిదేళ్లు ఉప్పు తిన్నాను. అడవిలో సున్నపురాయి తవ్వి, సొంత రైలుపట్టా మీద భిలాయి వైపు తోలే కంపెనీ అని తెలిస్తే చాలు. దుర్గ్‌లో ఆఫీసు, అడవిలో క్వారీ. ఈ రెంటికీ నడుమ, ఎవరికీ పట్టని చోట ఒక కేబిన్. ఆ కేబిన్‌లో మా బావ.

కేబిన్ అంటే నాలుగు గోడలు, నాలుగు లీవర్లు, నాలుగు కిటికీలు. కిటికీల్లో రెండింటికి అద్దాల్లేవు. మూలన ఎర్ర రంగు వేసిన ఇనుప పెట్టె, గోళీ మెషీను. ఒకే పట్టా మీద రెండు బండ్లు ఎదురుపడకుండా, అందులోంచి ఇనుప గోళీ తీసి డ్రైవరు చేతిలో పెడితేనే బండి కదలాలి. కరెంటు లేదు. డిసెంబరు వచ్చిందంటే పొద్దున తొమ్మిదయ్యేదాకా మంచు కిటికీలోంచి లోపలికొచ్చి కూర్చునేది. ముప్పై మైళ్ల అవతల భిలాయి కొలుముల్లో ఇనుము నీళ్లలా కరుగుతుంటే, ఇక్కడ మా బావ చేతులు కొయ్యబారిపోయేవి.

పాతరోజుల్లో ఆ బాధ లేదు. ఆవిరింజను డ్రైవర్లు కేబిన్ దాటేటప్పుడు ఒక పార బొగ్గు కిందికి విసిరేవారు. అది రూలు కాదు, మర్యాద. బావ పాత బకెట్‌కి కన్నాలు పొడిచి సిగిడీ, అంటే కుంపటి, చేసుకుని, ఆ బొగ్గుతో చలి కాచుకునేవాడు. మా అక్క నూకమ్మ కట్టిచ్చిన పులుసు దానిమీదే వెచ్చబెట్టుకునేవాడు. తొంభై మూడులో కంపెనీ డీజిలింజను కొన్నది. దానికి దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు, లడ్డూలు పంచారు. విసరడానికి డ్రైవరు దగ్గర మాత్రం ఒక్క నమస్కారం తప్ప ఇంకేమీ మిగల్లేదు. అడవిలో పుల్లలు ఏరుకుందామంటే, రాలిన పుల్ల కూడా సర్కారుదేనని ఫారెస్టు గార్డు వెంటపడ్డాడు.

అప్పుడు నేను మొదటి అర్జీ రాసిచ్చాను. కేబిన్‌మాన్‌కు చలి వేయుచున్నది, బొగ్గు ఇప్పించగలరు అని. మూడు వారాలకు జవాబొచ్చింది. సదరు ఉద్యోగికి చలి ఎందుకు వేయుచున్నదో కంపెనీ డాక్టరు పరీక్షించవలెను అని ఉంది అందులో. అది విని బావ మొహం పాలిపోయింది. ఎప్పుడో వ్యాగన్ల నడుమ పడి ఆయన కుడిచేతి వేళ్లు రెండు నలిగాయి. ఎండాకాలం బాగానే పనిచేస్తాయి. చలి తగిలితే ముడవడానికి రావు.

“ఏటిరా సూర్యం, నాను బొగ్గడిగితే ఆళ్లు డాక్టర్ని సూపిత్తామంటన్నారు. ఆడీ సెయ్యి సూసేడంటే అన్‌ఫిట్, పనికిరాడని రాసెస్తాడు. ఇంకా మూడేళ్ల సర్వీసుంది. క్వార్టర్ ఖాళీ సెయ్యమంటే మీ అక్కని తీసుకుని ఎక్కడికెల్లాల?” అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మనిషికి చలేస్తే రోగం అనే ఈ పెద్దమనుషులకి ఎలా చెబితే అర్థమవుతుందో, ఆఫీసులో ఉన్నవాణ్ని, నాకు తెలియదా? రెండో అర్జీ రాశాను. కేబిన్‌మాన్ ఆరోగ్యముగా ఉన్నాడు, చలి వలన గోళీ మెషీను మాత్రము బిగుసుకుపోవుచున్నది, బండ్లు ఆగిపోవు ప్రమాదమున్నది అన్నాను. ఎనిమిదోరోజున కొత్త సిగిడీ దిగింది, నంబరు కూడా వేసి. దాంతోపాటు నెలకో బస్తా కోకుబొగ్గు, ఒక ఆర్డరు. ఇది యంత్రమును వెచ్చబెట్టుటకు మాత్రమే, సిబ్బంది మూడడుగుల దూరములో ఉండవలెను అని.

కేబిన్ వెడల్పే ఏడడుగులు. అయినా బావ ఆ శీతాకాలం హాయిగా గడిపాడు. మరుసటి ఏడాది జనవరిలో ట్రాలీ మీద వచ్చిన ఇన్‌స్పెక్టరు, బావ సిగిడీ మీద చేతులు చాపి ఉండగా చూశాడు. వారం తిరిగేసరికి ఛార్జిషీటు. యంత్రమునకు కేటాయించిన వేడిని స్వంతమునకు వాడుకొనుట అని నేరం పేరు. నవ్వకండి, కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

బావని కేబిన్ వదలనివ్వడానికి మారు మనిషి లేడు కాబట్టి విచారణే కేబిన్‌కి వచ్చింది. దుర్గ్ ఆఫీసు నుంచి పరబ్రహ్మంగారని పెద్ద ఆఫీసరు, చేతుల్లేని స్వెట్టరులో దిగారు. బావ తరఫున మాట్లాడటానికి నేను వెళ్లాను. ఉదయం ఎనిమిది. ఆయన రాగానే సిగిడీ ఆర్పించారు.

“అది సాక్ష్యం. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు,” అన్నారు. తర్వాత బావని అడిగారు, “యంత్రం వేడి వాడుకున్నావా?”

“నేదు బాబూ. మెషీను కాడికి ఎల్తన్న వేడికి నా సేతులడ్డొచ్చాయి.”

“అడ్డు తియ్యొచ్చుగా?”

“ఎండాకాలం ఆ మెషీను వేడంతా నాకే తగుల్తాది బాబూ. దాని మీద ఎవులూ కేసెట్నేదు.”

పరబ్రహ్మంగారు అది రాసుకోబోయారు. పెన్ను వేళ్లలో నిలవలేదు. పెన్ను కింద పెట్టి చేతులు చంకల్లో దోపుకున్నారు. ఓ గంట గడిచింది. ప్రశ్నలు పొట్టివయ్యాయి, పళ్లు టకటకలాడాయి. సిగిడీ మీదనున్న నంబరు వంకే చూస్తున్నారు ఆయన.

అంతలో గంట మోగింది. రాళ్లబండి వస్తోంది. బావ లేచి లీవరు పట్టుకున్నాడు. చెయ్యి జారింది. మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ జారింది. ఆ రెండు వేళ్లూ పిడి చుట్టూ ముడుచుకోవడం లేదు. ఇన్నాళ్లూ దాచినదంతా ఆఫీసరు కళ్లెదుట బయటపడింది. బయట బండి ఆగి ఒకటే కూత.

పరబ్రహ్మంగారు ఒక్క ఉదుటున లేచి లీవరు మీద చేతులు వేశారు. నేనూ వేశాను. ముగ్గురం లాగితే సిగ్నల్ పడింది. బండి వెళ్లిపోయింది. అప్పుడు గుర్తొచ్చినట్టుంది ఆయనకి, అధికారం లేనివాడు లీవరు ముట్టుకోవడం కంపెనీలో బావ చేసినదానికన్నా పెద్ద నేరమని. గబుక్కున పిడి మీంచి చేతులు తీసేశారు.

“సిగిడీ వెలిగించండి,” అన్నారు చివరికి.

“సాక్ష్యం కదండీ?” అన్నాను.

“సాక్ష్యాన్ని పరీక్షించాలి.”

ముగ్గురం చుట్టూ కూర్చుని మధ్యాహ్నందాకా పరీక్షించాం. మా అక్క పంపిన పులుసు కూడా పరీక్షకి వచ్చింది. వెళ్లబోతూ ఆయన బావ కుడిచేతిని తన చేతిలోకి తీసుకుని చూశారు. ఆయన ఏమీ అడగలేదు.

రిపోర్టు పదిరోజులకొచ్చింది. లీవరు పిడి చల్లబడుట ప్రమాదకరము, పిడిని వెచ్చబెట్టు సాధనము కేబిన్‌మాన్ అరచేతులే, కావున సదరు చేతులు రెండును పరికరములో భాగములుగా పరిగణించి వేడి ఇవ్వవలెను అని రాశారు ఆయన. ఛార్జిషీటు కొట్టేశారు. మనిషికి రాని వేడి మనిషి చేతులకొచ్చింది. స్టోర్సు వాళ్లు వచ్చి కేబిన్ జాబితాలో, లీవర్లు నాలుగు, లాంతర్లు రెండు, వాటికింద చేతులు రెండు అని ఎక్కించుకుపోయారు.

తొంభై ఏడు జనవరి ఆఖరి తేదీన బావ రిటైరయ్యాడు. స్టోర్సు గుమాస్తా జాబితా పట్టుకుని వచ్చాడు. కాగితంలో ఉన్నదే తప్ప కంటికి కనిపించేది నమ్మని మనిషి. లీవర్లు చూసుకున్నాడు, లాంతర్లు చూసుకున్నాడు, సిగిడీ నంబరు చూసుకున్నాడు.

“చేతులు, రెండు,” అని తలెత్తాడు.

బావ రెండు చేతులూ చాపాడు. గుమాస్తా వాటిని తిప్పి చూశాడు, ముడవమన్నాడు. కుడిచేతి వేళ్లు ముడుచుకోలేదు. వాపసు తీసుకోవడానికి లేదు, వదిలెయ్యడానికి కాలమ్ లేదు. పాపం, చాలాసేపు ఆలోచించి రాశాడు. అరిగిపోయినవి, పనికిరావు. కింద సంతకం పెట్టమన్నాడు.

బావ ఆ మాట మీద వేలు పెట్టి నా చేత చదివించుకున్నాడు. ఎడంచేత్తో కుడిచేతిని పట్టుకుని నెమ్మదిగా సంతకం పెట్టాడు.

“మూడేళ్లురా సూర్యం,” అన్నాడు బయటికొచ్చాక, “ఆ ముక్క రాయనివ్వకుండా ఆపేను.”

తర్వాత రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని ఇంటిదారి పట్టాడు.